నీహారికలో పసుపు గీత

దెయ్యం కనిపించిందని ఏ ఊరి నుంచి కబురొచ్చినా ముందు, ఆ రాత్రి కరెంటు ఏమైనా పోయిందేమో కనుక్కోవడానికి, ఆ ఊరి లైన్‌మన్‌కు ఫోన్ చేసేవాణ్ణి. విలేకరిగా ఉన్నన్నాళ్లూ అదే నా పద్ధతి. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

ఉద్యోగం మానాక టెక్కలి వదిలి ఒడిశా సరిహద్దు వైపు, జలంత్రకోట దగ్గర కొబ్బరితోటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. టెలిస్కోపుతో నీహారికల, అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయుమేఘాల, ఫొటోలు తీయడం నా కాలక్షేపం. ఒక్కో వాయువు వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్లు పెట్టి తీస్తాను. వచ్చేవి నలుపు తెలుపు బొమ్మలే. రంగులు తర్వాత మనమే ఎంచుకోవాలి. ఆ మధ్యాహ్నం హైడ్రోజన్ బొమ్మకు ఎరుపు, ఆక్సిజన్ బొమ్మకు నీలం ఇచ్చి కలిపాను. మూడో రంగు వాడలేదు.

అప్పుడే పోలమ్మ వచ్చింది. మాకు చేపలు తెచ్చే మనిషి. సముద్రం మీద వేటకెళ్లిన ఆమె భర్త దానయ్య రెండు రోజులైనా తిరిగి రాలేదు. ఒడిశా రేవుల్లో నాకు తెలిసినవాళ్లను వాకబు చేయమని అడిగింది. నేను ఫోన్లు చేస్తుంటే ఆమె కంప్యూటర్ ముందు ఆగిపోయింది.

“ఇవి మా పడవ రంగులు కదేటి బాబూ?”

ఇక్కడ ఒక్కో ఇంటి పడవకు ఒక్కో రంగుల జత. మనుషుల ముఖాలు తెలియకముందే ఒడ్డునున్న ఆడవాళ్లు రంగు చూసి తమ పడవను పోల్చుకుంటారు. యాదృచ్ఛికం అనుకున్నాను.

ఆమె వేలు తెర ఎడమ అంచుకు వెళ్లింది. “మరి ఈ పసుపేటి? మా పడవకి పసుపు నేదు.”

అప్పటిదాకా నేను గమనించలేదు. ఏటవాలుగా ఒక పసుపు గీత. ఎరుపు, నీలం వెలుగులు కలిస్తే ఊదా వస్తుంది గానీ పసుపు రాదు. అసలు బొమ్మలు తెరిచి చూశాను. ఆ చోట ఏమీ లేదు.

ఫోన్లలో కబురేమీ దొరకలేదు. “దాన్ని సెరిపీకండి బాబూ” అని మాత్రం చెప్పి పోలమ్మ వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం, ఇంజన్ చెడి కొట్టుకుపోయిన ఆ పడవను ఒడిశా జాలర్లు తాడు కట్టి తెచ్చారు. దానయ్య, తోడు వెళ్లినవాళ్లు క్షేమం. పోలమ్మ భర్తను ఒకసారి చూసి, నేరుగా పడవ ఎడమ పక్కకు నడిచింది. నేనూ వెళ్లాను. ముందు భాగంలో ఏటవాలుగా పసుపు చార. ఒడిశా వాళ్ల పడవ పసుపుది. తాడు అందించడానికి దగ్గరకొచ్చినప్పుడు రాసుకుంది.

దానయ్య తర్వాత ఫొటో చూసి నవ్వాడు. “ఆల పడవ మమ్మల్ని ఆ రాత్రి గుద్దీసినాది. మీరు ఆ ముందు పగలే ఎలా తీసీసినారు బాబూ?”

అవే బొమ్మలు, అవే రంగులు మళ్లీ ఎన్నోసార్లు కలిపాను. గీత రాలేదు. ఆ రోజు ఫైల్లో మాత్రం ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

మరుసటి ఏడాది వేసవిలో, సముద్రంలో వేట నిషేధించే రోజుల్లో, దానయ్య పడవకు రంగులు వేయించాడు. ఆ చారను పోలమ్మ చెరపనివ్వలేదు. ఇప్పుడు ఆ ఇంటి పడవ రంగులు మూడు.