లిఫ్టు పైకప్పు మీద

మా చెల్లెలిని ఆఫీసులో చీపురుకట్ట అంటారు. ఎదురుగానే అంటారు, ఏం ధైర్యమో! లిఫ్టులు తయారుచేసే కంపెనీ అది. గోదాము చూసేది నేను. లిఫ్టును నడిపే చిన్న కంప్యూటరుకు ఆపరేటింగ్ సిస్టమ్‌ కూడా మావాళ్లే సొంతంగా కట్టుకున్నారు. కరెంటు వచ్చి అది మొదలవగానే, కిందటిసారి మిగిలిన తాత్కాలిక ఫోల్డర్లను తుడిచేసి, కొత్తవి తెరిచి, ఏ ప్రోగ్రాముది దానికి అప్పగించాలి. ఆ భాగం రాసింది మా చెల్లెలే. పాత చెత్త ఏ కాస్త మిగిలినా తలుపు ప్రోగ్రాము మొరాయిస్తుందని, ఊడ్చిపారేసే విషయంలో ఎవరి మాటా వినేది కాదు.

ఆమె భర్త, అంటే మా బావ, అక్కడే మెకానిక్. లిఫ్టు పైకప్పు మీద నిలబడి మరమ్మతులు చేస్తాడు. ఎక్కే ముందు ఒక బటన్ నొక్కితే, పైన మనిషి ఉన్నాడన్న గుర్తు కంప్యూటర్లో పడుతుంది. అది ఉన్నంతసేపూ లిఫ్టు కదలకూడదు.

ఒకరోజు భోజనాల దగ్గర బావ మామూలుగానే అన్నాడు: "ఇవాళ నేను పైనుండగా కరెంటు పోయిందే. మళ్లీ రాగానే లిఫ్టు జానెడు కదిలింది."

చెల్లెలి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఆ గుర్తు కూడా తాత్కాలిక ఫోల్డర్లోనే పెట్టానండీ. కరెంటు రాగానే దాన్నీ ఊడ్చేశాను."

"అయితే?"

"అయితే ఏముంది, మీరు పైనున్న సంగతి లిఫ్టు మర్చిపోయింది. నా చేతులారా నేనే..." అని భోరుమంది.

మర్నాడు ఆ గుర్తును చెరిగిపోని చోటికి మార్చింది. పైకప్పు మీద ఇసుక బస్తాలు పెట్టి, బటన్ నొక్కి, కరెంటు తీసి మళ్లీ వేసి చూశారు. లిఫ్టు కదల్లేదు. "ఇంకేం, అయిపోయింది" అన్నాడు మేనేజరు. బావ ఎక్కబోతుంటే చెల్లెలు పక్కకు నెట్టి, బటన్ నొక్కి తనే ఎక్కి నిలబడింది.

"ఏమండీ, కరెంటు తీసి మళ్లీ వెయ్యండి."

బావ తీశాడు. వెయ్యడానికి చెయ్యి రాలేదు.

"నా వల్ల కాదే. దిగు."

"రోజూ మీరు నిలబడేది ఇక్కడేగా?"

"అది వేరు."

"ఏం వేరు?"

బావ నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. పిరికివాణ్ణే, ఏం చేయను? చివరికి ఆయనే కళ్లు గట్టిగా మూసుకుని స్విచ్చు వేశాడు.

లిఫ్టు కదల్లేదు. చెల్లెలు దిగివచ్చి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు ఎక్కండి," అంది.