ఎన్నికల ముందు తుపాకీ

ఎనభైల మొదట్లో ట్రైనింగ్ కోసం అమెరికాలోని మిషిగన్ వెళ్లాను. నవంబరులో ఒక ఉదయం, ఓ చిన్న ఊరి హోటల్లో టిఫిన్ చేస్తుంటే, పక్క స్టూలు మీద కూర్చున్న ముసలాయన తన రైఫిల్‌ని గొడుగులా గోడకు ఆనించి కాఫీ తెప్పించుకున్నాడు. జింకల వేట సీజనట. నేను తప్ప ఎవరూ దానివంక చూడలేదు.

“మీ దేశంలో తుపాకులుండవా?” అని అడిగాడు.

కోతుల్ని బెదిరించడానికి మా తాతయ్య దగ్గర లైసెన్సున్న తుపాకీ ఒకటి ఉండేదనీ, ఎన్నికలొస్తే దాన్ని పోలీసుస్టేషన్లో అప్పగించేవారనీ చెప్పాను.

ఆయన కప్పు కింద పెట్టాడు. “ఎందుకు?”

“ఎన్నికల్లో గొడవలు కాకూడదని. అందరూ ఇచ్చేయాల్సిందే.”

“అంటే ముందు తుపాకీ ఇచ్చేసి, తర్వాత ఓటేస్తారా?”

“అవును. ఫలితాలొచ్చాక తిరిగి ఇచ్చేస్తారు.”

“మీ తాత ఓటేసిన పార్టీ ఓడిపోయినా?”

“ఓడిపోయినా ఇచ్చేవారు. తాతయ్య దగ్గర రసీదుండేది కదా.”

“రసీదు,” అన్నాడాయన. మిగిలిన కాఫీ తాగేశాడు. తర్వాత లేచి రైఫిల్ భుజాన వేసుకున్నాడు.

“మీ తాత చాలా ధైర్యవంతుడు,” అని, జింకల వేటకు వెళ్లిపోయాడు.