ఇసుకరాయి తాగిన నీళ్లు

మా సైన్సు మేడమ్ పోయారని కాఫీ తోటలో ఉండగా తెలిసింది. పళ్లు కోస్తుంటే, హాస్టల్లో నాతో చదివిన స్నేహితురాలు పెదబయలు నుంచి ఫోన్ చేసింది. "ఒసే, మన మేడమ్ ఇక లేరంట. రాజమండ్రి ఆస్పత్రిలో పోయారంట" అని ఏడ్చింది. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. పొయ్యి మీద అన్నం పెట్టి వాకిట్లోకి వస్తాను. ఎందుకొచ్చానో తెలియక మళ్లీ లోపలికి పోతాను.

ఆవిడా ఒకచోట నిలిచే మనిషి కాదు. బల్లల మధ్య తిరుగుతూనే పాఠం చెప్పేవారు. టీ కూడా గుమ్మం దగ్గర నిలబడే తాగేవారు. పుస్తకంలో వాక్యాలు అప్పజెబితే ఒప్పుకునేవారు కాదు. "ముందు చూసింది చెప్పండి. చదివింది తర్వాత చెబుదురుగాని" అనేవారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ముసురు వదలని ఒక ఉదయం, రెండు రాళ్లు తెచ్చారు. రెండూ వాళ్ల గోదావరి వైపువే. ఒకటి ఎర్రటి ఇసుకరాయి. పక్కనుంచి చూస్తే పొరలు కనిపించాయి, వేలితో రుద్దితే ఇసుక రాలింది. రెండోది బరువైన నల్లరాయి, ఒంటినిండా చిన్న చిల్లులు. మొదటిది నీళ్లు మోసుకొచ్చిన ఇసుక పేరుకుని, యుగాలపాటు అణిగి గట్టిపడిందట. రెండోది భూమిలోంచి పొంగిన లావా చల్లారితే అయిందట. ఆ చిల్లులు దానిలోని గాలిబుడగల గుర్తులట.

"మరి మన కొండది ఏ రాయి మేడమ్?" అని అడిగాను.

"ఈ రెండూ కాదమ్మా. పాత రాళ్లే భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపం మారాయి."

తర్వాత రెంటి మీదా నీళ్లు పోశారు. నల్లరాయి మీదినుంచి జారిపోయాయి. ఇసుకరాయి మీద నిమిషంలో మాయమయ్యాయి.

"ఇది తాగేత్తంది మేడమ్!" అని అరిచాం.

"తాగినకొద్దీ బరువెక్కుతుంది" అంటూనే ఆవిడ ఆగిపోయారు. కిటికీలోంచి బడి వెనకున్న కొండవైపు చూశారు. గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లి, తడిసి ముద్దై వచ్చారు.

"కొండ అడుగున నిన్నటిదాకా తేటగా వచ్చిన ఊట ఇవాళ బురదగా వస్తోంది. పైన మట్టి నానిపోయింది. లేవండి. సంచులొద్దు."

గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ అడ్డొచ్చారు. "ఏటి మేడమ్ ఇది? ఇంత వానలో పిల్లగుంటల్ని ఎక్కడికి తోలేత్తన్నారు? జొరాలొత్తే ఎవరు సూత్తారు?"

"జ్వరమొస్తే మందిద్దామండీ. మిగతా క్లాసుల్ని కూడా లేపండి, మీకు దణ్ణం పెడతాను." హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ ముఖం చూసి, వెళ్లి తనే గంట కొట్టారు.

రోడ్డు దాటి ఎదురుగా ఉన్న చర్చిలోకి పరిగెత్తాం. అందరం లోపలికి చేరామో లేదో, కొండచరియ జారింది. మా క్లాసు వెనక గోడ మట్టి కింద కూలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు నా కూతురు ఆ బడిలోనే చదువుతోంది. పెద్ద వాన పట్టిందంటే నేను ఇంట్లో కూర్చోలేను. వెళ్లి ఆ ఊట రంగు చూసి వస్తాను.

ఆ రోజు చర్చిలో ఎవరో కుర్చీ వేసినా మేడమ్ కూర్చోలేదు. చీర కుచ్చిళ్లలోంచి నీళ్లు కారుతుంటే, వరుసల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి పేరు పలికారు. చివరి వరుస అయిపోయాక నమ్మకం కుదరనట్టు వెనక్కి తిరిగి, మళ్లీ మొదటి పిల్ల తల మీద చెయ్యి పెట్టారు.