చెడ్డ వార్త చెప్పడం నేర్పిన రోజు

జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ హాల్‌లో నేను ఊడ్చే పని చేస్తాను. పెళ్లిళ్లు లేని రోజుల్లో దాన్ని మీటింగులకు కిరాయికి ఇస్తారు. ఆ వారం పోలీసులు తీసుకున్నారు. రోడ్డు మీద జీపులో తిరిగే పెట్రోలింగ్ వాళ్లకు ట్రైనింగ్. అందరూ కొత్తగా వచ్చిన పిల్లలే. లారీని ఎట్లా ఆపాలి, దెబ్బ తగిలినవాణ్ణి ఎట్లా లేపాలి, అన్నీ నేర్పేవారు. నా పని అయిపోయినా చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. ఇంటికి పోయి చేసేదేముంది? ఒక గిన్నె, ఒక పళ్లెం కడిగితే నా సంసారం అయిపోతుంది.

ఆ రోజు పాఠం వేరు. యాక్సిడెంట్‌లో మనిషి పోతే ఇంటివాళ్లకు ఎట్లా చెప్పాలి అని. ఒక పిల్లగాడు నెత్తి మీద తువ్వాల కప్పుకుని పెళ్లాం వేషం కట్టాడు. హాలంతా పడీపడీ నవ్వింది. నేర్పే సారుకు కోపమొచ్చింది. చుట్టూ చూసి నన్ను పిలిచాడు.

“అమ్మా, జర ఇటు రా. ఉత్తగనే ఈ కుర్చీల కూసో. వీళ్లొచ్చి నీకో మాట చెప్తరు. నీకేమనిపిస్తే అది అను.”

నా పెనిమిటి ఈ రోడ్డు మీదే పోయిన సంగతి సారుకు తెలియదు. చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నాకు ఆ మాట వినాలని ఉండింది. ఆయన పోయాడని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మా దిక్కు పెళ్లాం ముఖం చూసి ఆ మాట అనరు. అంటే పాపం తగులుతుందంటారు.

ఆయన పోయిన రోజు నేను అల్లం చేనులో కలుపు తీస్తున్నాను. పోలీసు జీపు వచ్చి గట్టు మీద ఆగింది. “మీ ఆయన జర కింద పడ్డడు, దవాఖానల ఉన్నడు, పా” అన్నారు. జర అంటే జరే అనుకున్నాను. ఇంటికి ఉరికి జొన్నరొట్టెలు, పచ్చడి, ఆయన లుంగీ మూట కట్టుకున్నాను. దవాఖాన తిండి ఆయన నోటికి పోదు. జీపులో ఆ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పోలీసులిద్దరూ బయటికే చూశారు. దవాఖానలో వార్డుకు కాకుండా వెనకనున్న శవాల గది దిక్కు తీసుకుపోయారు. అక్కడ మా మరిది నిలబడి ఉన్నాడు. మూట నా చేతిలోంచి తీసుకున్నాడు. తరువాత అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. చెప్పినవాళ్లు మాత్రం లేరు. ఇప్పటికీ రొట్టె కొడుతుంటే ఆయన ఇంకా మంచం మీద ఎదురుచూస్తున్నట్టు, నాకే ఆలస్యమైనట్టు ఉంటుంది.

పోయి కుర్చీలో కూర్చున్నాను. మొదట ఒక లావుపాటి పిల్లగాడు వచ్చాడు.

“అమ్మా, మీ ఆయనకు జర దెబ్బ తగిలింది. ఏం ఫికర్ చెయ్యకు. దవాఖానకు పోదం పా.”

“అయితే ఆగు బిడ్డా, రొట్టెలు కట్టుకొస్త” అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

“అరె, అమ్మ మస్తు యాక్టింగ్ చేస్తంది!” అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

సారు నవ్వలేదు. “అబద్ధం ఎందుకు చెప్పినవ్ రా?” అన్నాడు.

“ఎట్ల చెప్పాలె సార్? దబ్బున కింద పడితే?”

“పడుతదనే కదరా పక్కన కూసోమన్న. నువ్వు నిలబడి చెప్పినవ్.”

తరువాత ఒక ఆడపిల్ల లేచింది. టోపీ తీసి చేతిలో పట్టుకుంది. కుర్చీ లాక్కుని నా మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుంది.

“అమ్మా, చెడ్డ వార్త చెప్పాలె. చిరాగ్‌పల్లి కాడ లారీ గుద్దింది. మీ ఆయన చనిపోయిండు.”

చిరాగ్‌పల్లి కాదు, ఇంకా ఇవతల. ఆ పిల్లకేం తెలుసు. నేను దిద్దలేదు.

“దవాఖానలనా?” అన్నాను.

“లేదమ్మా. రోడ్డు మీదనే.”

“నొప్పికి తండ్లాడిండా?”

“నాకు తెల్వదమ్మా. తెల్వంది చెప్పను.”

హాలులో ఎవరూ నవ్వలేదు. నా చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. ఏడుపు రాలేదు. ఆయన ఇక ఎదురుచూడడం లేదు అనుకున్నాను.

“ఇంటికాడ ఎవరున్నరమ్మా? ఎవర్ని పిలవమంటవ్? వాళ్లొచ్చెదాక నేను పోను” అంది. అది కూడా వాళ్ల పాఠంలోదే.

పిల్లలు లేరు. మరిది పొలం అమ్ముకుని బీదర్ దిక్కు పోయాడు. పని ఉందంటే నన్ను పిలిచేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నేను పిలిస్తే వచ్చేవాళ్లు ఎవరా అని చాలాసేపు వెతుక్కున్నాను. అంతమంది పోలీసులు నా నోటి వైపే చూస్తున్నారు. సిగ్గేసింది.

“పక్కింటి ఆపా” అన్నాను చివరికి. పక్కింటి ముస్లిం అక్కను ఆపా అని పిలుస్తాను; గోడ మీదుగా కూర గిన్నె అందిస్తుంది, అంతే పరిచయం.

“చెప్పిన. వస్తంది” అంది ఆ పిల్ల, చేతిలో ఫోన్ లేకుండానే.

“బస్ అమ్మా, అయిపోయింది, లే” అన్నాడు సారు.

“ఆపా ఇంకా రాలె కద సార్” అంది ఆ పిల్ల, కదలకుండా.

సారు పక్కకు జరిగాడు. ఆపా ఆ వేళకు బడిలో పిల్లలకు వంట చేస్తుంటుంది. ఆమెకు ఎవరూ కబురు పెట్టలేదు. ఆ సంగతి తెలిసి కూడా నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల కూడా అటే చూసింది.