టీచరమ్మగారి ఖాళీ స్టూలు

మా ఎదురు ఫ్లాటు టీచరమ్మగారు ప్రభువునందు నిద్రించారని ఆదివారం పొద్దున్నే వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. నాకంటే ముందు మా పాప ఏడ్చింది, నేను ఊరెళ్లినా ఎన్నడూ ఏడవనంతగా. చావు కబురు విన్న నిమిషంలో కూడా ఆవిడ మీద కుళ్లుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

దీనికంతటికీ కారణం ఒక కార్టూన్. వరదల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళం మీద ఒకప్పుడు మనుషులు నటించిన సీరియల్ వచ్చేది. దాన్నే ఇప్పుడు పిల్లల కోసం బొమ్మల్లోకి మార్చారు. పడవ మాట్లాడుతుంది, హెలికాప్టర్ అలుగుతుంది. మా వీధిలోకి నీళ్లొచ్చి వెళ్లాయి కాబట్టి ఇక్కడి పిల్లలకు ఆ పడవంటే ప్రాణం. బడి నుంచి రాగానే పాప ఎదురు ఫ్లాటుకెళ్లి, టీవీ ముందు టీచరమ్మగారి పక్కన చేరేది. నేను వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు కట్టేశాక ఆటో దొరికి ఇల్లు చేరేసరికి కథ సగమయ్యేది.

టీచరమ్మగారు పాత సీరియల్ ఒక్క రోజు వదలకుండా చూసిన మనిషి. అందుకని టీవీ సౌండు తగ్గించేసి కథ తానే చెప్పేవారు.

"అసలు దాంట్లో ఈ తాత దొరకలేదమ్మా. పిల్లలు చూస్తారని ఇందులో బతికించారు. మంచి పని చేశారు," అనేవారు.

పడవకి ఒక గొంతు, హెలికాప్టర్‌కి ఒక గొంతు. పాప వింటూ వింటూ గిన్నెడు అన్నం తినేసేది. నేను పెడితే అదే పిల్ల నాలుగు ముద్దలకి నన్ను ఇల్లంతా తిప్పేది. ఒళ్లు మండదా, మీరే చెప్పండి.

గుమ్మంలోనే నిలబడి "పద పాపా" అనేదాన్ని.

"రామ్మా, వచ్చి కూర్చో. అయిపోవచ్చింది," అనేవారావిడ.

"పనుందండీ."

పనేం ఉండేది కాదు. పాపని సొంత మనవరాలిలా చూసుకున్నారు, ఏనాడూ విసుక్కోలేదు. ఆ మంచితనమే నాకు మరీ కష్టంగా ఉండేది.

వాళ్ల పక్కన ఎప్పుడూ ఒక స్టూలు, దాని మీద గిన్నెలో కాసిని జంతికలు. టీవీ పైన గోడకి, ఈ ఇంట్లో కనిపించని అతిథి క్రీస్తే అని రాసిన పలక ఉంది. మేము దేవుడికి నైవేద్యం పెట్టినట్టు ఆవిడ ఆయనకి పెడుతున్నారనుకున్నాను. అందుకే ఎప్పుడూ అడగలేదు.

నిన్న ఆవిడ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టిన ఆదరణ కూడిక నుంచి వచ్చాక పాప మా టీవీ పెట్టి, సౌండు తగ్గించి, నా వంక చూసింది.

"చెప్పమ్మా."

చెప్పాను. గుమ్మంలో నిలబడి కడుపుమంటతో విన్నవే, అన్నీ కంఠతా వచ్చేశాయి. పడవ గొంతు కూడా పెట్టాను.

"మామ్మ ఇంకా బాగా చెప్పేది," అంది. పోయాక కూడా ఆవిడదే పైచేయి.

తర్వాత వంటింట్లోంచి స్టూలు ఈడ్చుకొచ్చి వేసింది.

"ఏసయ్యకా?" అన్నాను.

"కాదు. పాత సీరియల్‌లో పడవ ఎక్కేటప్పుడు ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఒక చోటు ఉంచేవాళ్లంట. కార్టూన్‌లో అది తీసేశారంట. అందుకని మామ్మ నీకోసం వేసేది."

"నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"రోజూ పిలిచేదిగా. నువ్వే రాలేదు."



"మరి ఇప్పుడిది ఎవరికి?"

"మామ్మకి."

లేచి డబ్బాలోంచి జంతికలు తీసి, గిన్నెలో వేసి, స్టూలు మీద పెట్టాను. పాప నా పక్కన కాకుండా దాని పక్కన కూర్చుంది.