లాకుల దాకా నడిపి రావాలి

రెండు వారాల కిందట బుధవారం మధ్యాహ్నం రాజమండ్రిలో మా పత్రికాఫీసులో ఉండగా సత్తిబాబు ఫోన్ చేశాడు. మా మేనత్త కారు డ్రైవరు అతను. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఊళ్ళో వాన సంగతి చెప్పి తర్వాత విషయానికి వస్తాడు. ఆ రోజు వాన సంగతి లేదు. "అమ్మగారు పోయారండి. అన్నం తిని నడుం వాల్చారు. మరి లేవలేదండి" అన్నాడు. నేను అడగకుండానే, "బండి రెడీగానే ఉందండి. అవసరం రాలేదు" అన్నాడు.

ఆ రెండో మాట ఎందుకన్నాడో చెప్పాలంటే కారు సంగతి చెప్పాలి.

కొవ్వూరుకు అవతల కాలవ గట్టు మీద ఉన్న ఊరు మాది. అత్తయ్య మా నాన్నగారికి అక్క. మా పక్కిల్లే. మావయ్య బతికున్న రోజుల్లో పెళ్ళిళ్ళకు తిప్పడానికని తెల్ల డీజిల్ అంబాసిడర్ కొన్నాడు. ఆయన పోయాక చుట్టాలందరూ అమ్మేయమన్నారు. ఆవిడ వినలేదు. "అమ్మేస్తే రేపు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే దేనిమీద తీసుకెళ్తార్రా? నా వీపు మీదా?" అంది. అప్పటికి ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు మా వైపు లేవు. ముహూర్తాలున్నప్పుడు ఆ కారు పెళ్ళికొడుకులను మోసేది, లేనప్పుడు రోగులను.

తర్వాత మా నాన్నగారికి ఒకసారి గుండె నొప్పి వచ్చి తగ్గింది. రాజమండ్రి డాక్టరు మందులు రాసి, మళ్ళీ నొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టుకుని వెంటనే బయలుదేరమన్నారు. "వెంటనే అంటే ఎంతసేపట్లోనండీ?" అని అత్తయ్య అడిగింది. "వెంటనే అంటే వెంటనేనమ్మా" అన్నారాయన. ఆ రోజు నుంచి ఆవిడకు నిద్ర తక్కువైంది. వాకిట్లో ఉన్న కారు ఇక ఆవిడకు పెళ్ళిళ్ళ కారు కాదు, తమ్ముడి కారు. అది స్టార్టవుతుందా అవదా అన్నదే ఆవిడ దిగులు.

బ్యాటరీని మంగళవారం మంగళవారం ఆవిడే చూసుకునేది. ముందు చేతి గాజులు తీసి స్టీలు గ్లాసులో వేసి అరుగు మీద పెట్టేది. ఎప్పుడో ఒకసారి బంగారు గాజు తగిలి నిప్పురవ్వ లేచిందట. గ్లాసులో గాజులు పడిన చప్పుడు మా ఇంట్లోకి వినిపించేది. "మీ అక్క ఆపరేషన్ మొదలెట్టింది" అనేది మా అమ్మ. సత్తిబాబు వైర్ల క్లాంపులు విప్పితే, అత్తయ్య వేణ్ణీళ్ళతో టెర్మినళ్ళ మీద బూజులా పేరుకున్న తెల్లటి పొక్కు కడిగి, పాత చీర ముక్కతో తుడిచి, పైన వేసిలిన్ రాసేది. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసేది. చివరకు క్లాంపు పట్టుకుని కదిపి చూసేది. "నా పన్ను కదిలినా ఫర్వాలేదు గానీ ఇది కదలకూడదు" అనేది.

ఆ బ్యాటరీ పాడయ్యాక రాజమండ్రిలో సీలు బ్యాటరీ కొన్నాం. అవి మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. "నీళ్ళు పొయ్యక్కర్లేదమ్మా. బిగించి మర్చిపోండి" అన్నాడు షాపతను.

"మర్చిపోవడానికి నాకు వేరే విషయాలున్నాయి నాయనా" అంది అత్తయ్య.

నీళ్ళు కనపడకపోవడం ఆవిడను పీడించింది. లోపల ఎండిపోతే ఎలా తెలుస్తుందని ఒక రోజు చాకు తీసుకుని పైనున్న స్టిక్కరు ఊడదీయబోయింది. సత్తిబాబు కంగారుగా నాకు ఫోన్ చేశాడు. నాకు తెలియని విషయంలో సలహా చెప్పడం నాకు అలవాటు లేదు. బ్యాటరీలు చేసే కంపెనీలో సర్వీసు ఇంజినీరుగా ఉన్న పరిచయస్థుడిని అడిగాను. ఆయన చెప్పింది ఇదీ: తెరవకూడదు, నీళ్ళు పోయకూడదు. అంతవరకు షాపతని మాట నిజం. కానీ టెర్మినళ్ళకు పొక్కు పడుతుంది, క్లాంపు వదులవుతుంది. బండి ఊరికే ఉంటే ఛార్జి దిగిపోతుంది. ఛార్జి ఉందని చూపే పైనున్న పచ్చటి కన్ను, బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

ఇదంతా అత్తయ్యకు చెప్పాను. చాకు లోపల పెట్టేసింది. "సరే, లోపలి సంగతి వాళ్ళది, పై సంగతి మనది. సీలు వేసింది దాని మూతకి గానీ మన కళ్ళకి కాదుగా" అంది. పచ్చ కన్ను విషయం మాత్రం ఆవిడకు నచ్చలేదు. "ఒక్క గదిలో దీపం వెలిగితే ఇల్లంతా మెలకువగా ఉన్నట్టా?" అని చాలా రోజులు అడుగుతూనే ఉంది. రోహిణి కార్తెలో బానెట్ మీద తడి గోనె కప్పేది. దానివల్ల ఉపయోగం ఉందో లేదో నేను కనుక్కోలేదు.

ఆ ఏడు శుక్ర మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు కాబట్టి కారుకు కిరాయిలు లేవు. మామూలుగానైతే మూఢంలో అత్తయ్య సత్తిబాబు చేత రోజు విడిచి రోజు కారు లాకుల దాకా నడిపించేది. లాకులంటే మా ఊరికి ఎగువన కాలవ మీద ఉన్న నీటి తలుపులు. "బండికి మూఢం లేదురా" అనేది. కానీ ఆ ఏడు తునిలో ఉన్న కూతురు కాలు విరిగి మంచాన పడింది. ఆవిడ వెళ్ళక తప్పలేదు. కిరాయిలు లేక సత్తిబాబు పొద్దున్నే పొలం పనికి పోతున్నాడని, వెళ్తూ వెళ్తూ బండి స్టార్ట్ చేస్తూ ఉండమని నాన్నగారికి అప్పగించింది.

తమ్ముడు అక్క మాట తప్పలేదు. రోజూ పొద్దున్న కాఫీ తాగి, వెళ్ళి కార్లో కూర్చుని, తాళం తిప్పి, ఇంజను చప్పుడు విని, ఆపేసి వచ్చేవారు. పని లేకుండా డీజిల్ తగలెయ్యడం ఆయనకు ఇష్టముండదు. సాయంత్రం తుని నుంచి ఫోను.

"బండి స్టార్ట్ చేశావా తమ్ముడూ?"

"చేశానక్కా."

"సరిగ్గానే అయ్యిందా?"

"ఒక్క తిప్పుకే అయ్యిందక్కా. సీలు బ్యాటరీ గదా, నువ్వు ఊరికే కంగారు పడకు."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

నేను సెలవు మీద ఇంటికి వెళ్ళిన రోజు, భోజనాలయ్యాక నాన్నగారు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నారు. అమ్మ మాత్ర తెచ్చింది. నేను సత్తిబాబును కేకేశాను. ఆయన్ని వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చోబెట్టాం. సత్తిబాబు తాళం తిప్పాడు. టక్ అంది. మళ్ళీ తిప్పాడు. టక్. తర్వాత అదీ లేదు.

"పొద్దున్న స్టార్టయ్యిందిరా" అన్నారు నాన్నగారు. చొక్కా తడిసిపోయి ఉంది. "పొద్దున్న అయ్యింది గదరా" అని మళ్ళీ అన్నారు.

సత్తిబాబు బానెట్ ఎత్తి క్లాంపులు చేత్తో తిప్పి చూసి దించేశాడు. "తొయ్యాలండి" అన్నాడు. టీ కొట్టు దగ్గరున్న వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అంబాసిడర్ తేలికైన బండి కాదు. వాకిట్లోంచి గట్టు మీదికి ఎక్కించడానికే అందరికీ రొప్పు వచ్చింది. గట్టు మీద కాస్త పల్లం ఉంది. అక్కడ ఇంజను పట్టుకోకపోతే ఆ పైన మళ్ళీ ఎత్తు. ఎవరో "ఒకటో గేరెయ్యరా" అన్నారు, "రెండోది, రెండోది" అని ఇంకొకరు అరిచారు. సత్తిబాబు ఎవరి మాటా వినలేదు. పల్లం అయిపోవస్తుండగా క్లచ్ వదిలాడు. కారు ఎక్కిళ్ళు పెట్టినట్టు కదిలి, నల్లటి పొగ వదిలి, పట్టుకుంది. నేను పరిగెత్తుతూనే ఎక్కాను.

అప్పుడు మొదలైంది అసలు భయం. ఇంజను ఆగితే బండి మళ్ళీ కదలదు. కొవ్వూరులో ఎడ్ల బండి అడ్డం వస్తే సత్తిబాబు దాదాపు కాలవ అంచు దాకా వెళ్ళి తప్పించాడు. వంతెన మీద సగం దాటాక ముందున్న లారీ ఆగిపోయింది. కింద గోదావరి, వెనక బస్సు. తోయించుకోవడానికి జాగా లేదు. సత్తిబాబు ఎక్సలేటరు మీంచి కాలు తీయలేదు. నేను ఇంజను చప్పుడు వింటున్నాను, అమ్మ నాన్నగారి ఊపిరి వింటోంది. లారీ కదిలింది.

ఆసుపత్రి గేటు దగ్గర మేం దిగిపోయాక కూడా కారు మోగుతూనే ఉంది. "బండి ఆపవయ్యా, లోపల రోగులున్నారు" అని వాచ్‌మన్ కేకలేశాడు. "ఆపితే ఇక్కడే కాపరం పెట్టాలండి" అన్నాడు సత్తిబాబు.

సమయానికి తెచ్చారని డాక్టరు అన్నారు.

మర్నాడు బ్యాటరీ పరీక్ష చేయించాను. దానిలో లోపం లేదు, ఖాళీ అయ్యిందంతే. స్టార్ట్ చేసినప్పుడల్లా కాస్త ఛార్జి ఖర్చవుతుంది. బండి కొంత దూరం నడిస్తే గానీ అది తిరిగి నిండదు. నాన్నగారు రోజూ తీశారు, తిరిగి పెట్టలేదు. టెర్మినళ్ళ మీద పొక్కు కూడా పేరుకుంది. ఛార్జి చేసి, కడిగి బిగిస్తే ఆ బ్యాటరీయే తర్వాత చాలాకాలం పనిచేసింది.

అత్తయ్య తుని నుంచి రైలు దిగి తిన్నగా ఆసుపత్రికి వచ్చింది. నాన్నగారు ఆవిడ మొహం చూడలేక, "రోజూ స్టార్ట్ చేశానక్కా" అన్నారు. కోప్పడుతుందని నేను సిద్ధపడ్డాను.

"చేశావురా. తెలుసు. స్టార్ట్ చేశావా అనే అడిగాను. నడిపావా అని అడగలేదు." ఆయన దుప్పటి సరిచేస్తూ, "నా భయం నిండా ఉంది గానీ ప్రశ్న సగమే ఉంది" అంది.

ఆ తర్వాత ఆవిడ అడిగే పద్ధతి మారింది. తిన్నావా అని అడిగేది కాదు, ఏం తిన్నావు అనేది. మందేసుకున్నావా అని కాక, "ఏదీ, మిగిలినవి చూపించు" అనేది. నాన్నగారు విసుక్కునేవారు. "పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని అడగరక్కా" అనేవారు. "వాళ్ళకి నువ్వు తమ్ముడివి కావుగా" అనేది. నా వృత్తికి ఆవిడ నుంచి దొరికింది ఇదే. ఆసుపత్రుల్లో మందులున్నాయా అని నేను అధికారులను అడగను. బీరువా తెరిచి చూపించమంటాను. ఉన్నాయన్న జవాబు నిజమే అయ్యుండవచ్చు. నా ప్రశ్నే సగం అయ్యుండవచ్చు.

ఇన్నేళ్ళూ తమ్ముడి కోసం భయపడిన మనిషి తనకోసం ఎవరినీ భయపడనివ్వకుండా వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ఆవిడ బయలుదేరడానికి ఏ కారూ అవసరం కాలేదు.

మైల రోజుల్లో కారు జోలికి ఎవరూ పోలేదు. నిన్న పొద్దున్న నాన్నగారు లేచి వేణ్ణీళ్ళు పెట్టమన్నారు. స్నానానికనుకుని అమ్మ బిందె పొయ్యి మీద పెట్టింది. "అంత వద్దు, చెంబుడు చాలు" అన్నారు. అత్తయ్య ఇంటి అరుగు మీద కూర్చుని, చేతి వాచీ, ఉంగరం తీసి స్టీలు గ్లాసులో వేశారు. ఆ చప్పుడుకు అమ్మ వంటింట్లోంచి బయటకు వచ్చింది. సత్తిబాబు క్లాంపులు విప్పాడు. నాన్నగారు కడిగి, తుడిచి, రాసి, చివర కదిపి చూశారు. కార్లో కూర్చుని తాళం పెట్టారు. తిప్పారు. స్టార్టయ్యింది. ఆపలేదు. సత్తిబాబును పక్కన కూర్చోమని, తనే నెమ్మదిగా గట్టు మీదికి ఎక్కించి లాకుల వైపు పోనిచ్చారు.

గ్లాసు అరుగు మీదే ఉంది. మేం దాని పక్కన నిలబడి, కాలవ మలుపు దగ్గర తెల్ల కారు మళ్ళీ కనపడేదాకా అటే చూస్తూ ఉన్నాం.