గోళ్ళ సందుల్లో సంగటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేటకు పోయే పొద్దున కుక్కలకు తిండి పెట్టేవాళ్ళు కాదు. ముందురోజు సాయంత్రం పెట్టిందే. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పేద ఇల్లు కదా, కుక్కలకూ పస్తే అనుకున్నాను.

మాది రుద్రవరం దగ్గర పల్లె. కొర్ర కోతలు అయ్యాక ఆ మోళ్ళ చేలల్లో మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, వేటకుక్కతో కుందేళ్ళు పట్టేవాడు. ఇప్పుడు ఆ పని చేస్తే కేసు పెడతారు. అప్పట్లో మా ఇంట్లో మాంసం కూర అంటే అదే. ఉన్న కుక్క ముసలిదైపోయిందని ఆయన శిరివెళ్ల దిక్కు నుంచి ఒక కూనను గంపలో పెట్టుకొని తెచ్చాడు. సన్నని నడుము, దాని ఒంటికి మించిన కాళ్ళు. మా నాయనకు అది నచ్చలేదు.

"మనకే సంగటి చాలక సస్తాంటే రెండు కుక్కలా నాయనా? మళ్ళా ఇత్తనం పడేలోపల ఇది కుందేలును పట్టకపోతే గొర్రెలోళ్ళకు ఇచ్చేస్తా" అన్నాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఆడపిల్లనైనా, కూనకు వేట నేర్పడంలో సగం పని నాదే. కుందేలు తోలును జనపతాడుకు కట్టి, చేనంతా వంకర టింకరగా ఈడ్చుకుంటూ ఉరికి, చివరికి ఒక కంపచెట్టు కింద దాచాలి. అప్పుడు జేజినాయన కూనను వదిలేవాడు. మొదట్లో అది తోలును వదిలేసి నేను దాక్కున్న చోటికి వచ్చేది. "అది నీ వాసన పడతాంది మే, కుందేలుది కాదు" అని నవ్వి, ఆయన నా కాళ్ళకు బర్రె పేడ పూసి పంపేవాడు. నెల తిరిగేసరికి కూన ముక్కు నేలకు ఆనించి నేరుగా కంప దగ్గరికే పోయేది. పని అయ్యాక మాత్రం వచ్చి నా పక్కనే పడుకునేది.

కూన ఎదిగాక, నిజమైన కుందేలు మీదికి వదిలే రోజు వచ్చింది. ఇక అటో ఇటో తేల్చేస్తానని నాయన కూడా బయలుదేరాడు. కోడి కూసే వేళకు కూన వచ్చి నా చేయి నాకింది. ఖాళీ చిప్పను మూతితో నా ముందుకు తోసింది. ఈరోజు పట్టకపోతే గొర్రెలవాళ్ళ పాలవుతుంది, పస్తుండి ఏం ఉరుకుతుంది పాపం అనిపించింది. అమ్మ పెరట్లో ఉంది. కుండలో మిగిలిన జొన్నసంగటి పెద్ద ముద్ద తీసి, మజ్జిగలో పిసికి పెట్టాను. తిని మళ్ళీ నా మొహం చూసింది. ఇంకో ముద్ద పెట్టాను.

మోళ్ళ మధ్య నుంచి కుందేలు లేవగానే కూన ముసలి కుక్కను దాటుకొని పోయింది. కుందేలు ఎన్నిసార్లు మలుపు తిరిగినా వదల్లేదు. గట్టు దగ్గర పట్టేసింది. "సూడ్రా, సూడు! గొర్రెలోళ్ళకు ఇస్తావా దీన్ని?" అని జేజినాయన కేక వేశాడు. నాయన కూడా నవ్వాడు. నేను చేలో గంతులు వేశాను.

కుందేలును తెచ్చి మా ముందు పడేసిన కాసేపటికి కూన వాంతి చేసుకోబోయింది. నురగ తప్ప ఏమీ రాలేదు. పడుకోలేదు, నిలబడలేదు. కడుపు ఉబ్బి బిగుసుకుపోయింది. నాయన నీళ్ళ కోసం బావి దగ్గరికి పరుగెత్తాడు. జేజినాయన దాని కడుపు మీద వేలితో కొట్టి చూశాడు. మూతి వాసన చూశాడు. తర్వాత నా కుడిచేయి తీసుకొని తిప్పాడు. గోళ్ళ సందుల్లో సంగటి ఎండి ఉంది. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి పిడికిలి చేసి, దాన్ని నా పావడా మడతల్లో దాచాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే కూన చచ్చిపోయింది.

"ఏమాయ నాయనా? ఇంతసేపు గాలి మాదిరి ఉరికెనే!"

"నాదే తప్పురా. లేతదాన్ని ఎండలో శానా ఉరికిచ్చినా."

నాయన ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ముసలితనంలో చేతులారా కూనను చంపుకున్నాడని ఊళ్ళోవాళ్ళు నవ్వారు. జేజినాయన తల వంచుకొని విన్నాడు. ఆ తర్వాత ఇంకో కూనను తేలేదు.

గుంత తవ్వేటప్పుడు మేమిద్దరమే ఉన్నాం. "నిండు కడుపుతో ఉరికితే వేటకుక్కకు పేగు మెలిపడతాది పాపా. నీకు చెప్పకపోవడం నా తప్పే" అన్నాడు. ఆకలైందని అడిగింది, అందుకే పెట్టినా అని ఏడ్చాను. ఆయన మట్టి తోస్తూ, "దాని ఆకలి అది ఓర్చుకుంటాండె. ఓర్చుకోలేకపోయింది నువ్వు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. నాయనకు నిజం నేను ఎన్నడూ చెప్పలేదు. ఇద్దరూ పోయాక, నాకు ముసలితనంలో అక్షరాలు వచ్చాక, ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆయనకు నంద్యాలలో కడుపు ఆపరేషన్ అయినప్పుడు రెండు రోజులు చుక్క నీళ్ళు పోయవద్దని చెప్పారు. "ఒక్క గుక్క పోయ్ మే" అని ఆయన బతిమాలాడు. తర్వాత తిట్టాడు. "నా మీద ఇంత పగ పెట్టుకొని ఉండావా?" అన్నాడు. చెంబు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తడిగుడ్డతో ఆయన పెదాలు తుడిచి, పిడికిలి బిగించి కొంగులో పెట్టుకొని కూర్చున్నాను. ఆయన కోలుకొని ఇంటికి వచ్చి మూడేళ్ళు బతికాడు. ఇంటికి ఎవరు వచ్చినా, నేను ఆయన గొంతు ఎండగట్టిన సంగతే చెప్పేవాడు. నేను జేజినాయన మాదిరే తల వంచుకొని వినేదాన్ని.